నాయన కళ్లు మూసుకున్న పొద్దులు

మొన్న ఎమ్మిగనూరులో డాక్టరమ్మ నా బీపీ చూసి, రోజూ ఒకే వేళకు, ఒకే చోట, కాసేపు కళ్లు మూసుకుని ఊరికే కూర్చోమని చెబితే నాకు నవ్వాగలేదు. ఒకే వేళకు ఒకే చోట కనబడే మనిషి బతికి బట్టకట్టని ఊరు మాది. ఆ వైపు పల్లెల్లో పుట్టిన నా ఈడు వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కౌతాళం దగ్గర కాలువ కింద మా పొలాలు. డెబ్బైల్లో ఒక ఏడు, వరినాట్లప్పుడు నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి, మరునాడే ఎదుటి వర్గం వాళ్లు మా చిన్నాయనను కాలువ గట్టు మీదే నరికారు. పొద్దున్నే ఆయన ఆ గట్టు మీదనే పళ్లు తోముకుంటాడని వాళ్లకు తెలుసు, అంతే. బండిలో వేసుకొచ్చినప్పుడు దుప్పటి తీయనివ్వలేదు గానీ, పలకల సందుల్లోంచి కారింది నేను చూశాను. ఆ తరువాత మా ఇంట్లో దేనికీ వేళంటూ లేకుండా పోయింది. నాయన ఒకనాడు చీకటితో స్నానం చేస్తే మరునాడు మిట్టమధ్యాహ్నం చేసేవాడు, పోయిన దారిన తిరిగి రాడు, సంతకు పోతానని చెప్పిన రోజు సంతకు పోడు.

అలా బతికే మనిషికి నిద్రెక్కడిది? ఆ కోపమంతా మా మీద. ఎద్దును ముల్లుకర్రతో రక్తం కారేదాకా పొడిచేవాడు, అన్నం చల్లారిందని కంచం విసిరితే అమ్మ నుదురు చీలింది, మా అన్న వీపు మీద పాత వాతలు మానకముందే కొత్తవి తేలేవి. నాయన అడుగుల చప్పుడు వినబడితే నేను గాదె వెనక దూరేదాన్ని. బయటివాళ్లు ఆయన్ను చంపుతారని ఒక భయం, ఆయన మమ్మల్ని చంపుతాడని ఇంకొక భయం.

ఆదోనిలో మా పత్తి కొనే సాహెబు ఒకాయన ఉండేవాడు. నాయన మార్కెట్లో ఒక హమాలీ గూబ పగలగొట్టిన రోజు, ఆ పెద్దాయన చేయి పట్టుకుని కూర్చోబెట్టి, "పగోడు నిన్ను సంపేదెప్పుడో గానీ, నీ ఇంటోళ్లను నువ్వే సంపుతాండావప్పా. పొద్దున్నే రవ్వంతసేపు కండ్లు మూసుకొని కూసో, ఊపిరొకటే సూసుకో" అన్నాడట. ఏ కళనున్నాడో, నాయన విన్నాడు. గదిలో ఊపిరాడదని వసారాలోనే, స్తంభానికి వీపు ఆనించి, పొద్దు పొడిచే వేళకు కూర్చోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకే చేయి లేవడం తగ్గింది. వడ్డిస్తున్న అమ్మను, తిన్నావా అని ఆయన అడిగిన రోజు ఆమె పొయ్యి దగ్గరికి పోయి ఏడ్చింది.

అయితే వేళ కుదిరిందంటే చావుకు దారి చూపించినట్టే. మానుకోమంటే పాత నాయన తిరిగొస్తాడు, మానుకోకపోతే అసలు నాయనే ఉండడు. అమ్మ ఎవరినీ అడగలేదు. ఆయన కూర్చున్నంతసేపూ వేటకొడవలి పట్టుకుని గడపలో నిలబడేది. పాలు పొంగినా, చెల్లెలు గుక్కపట్టి ఏడ్చినా కదిలేది కాదు.

వాళ్లు రానే వచ్చారు. మంచు కురుస్తున్న ఒక పొద్దున, పోతున్న గొర్రెల మంద వెనక కంబళ్లు కప్పుకుని ఇద్దరు. మొదటివాడు విసిరిన నాటుబాంబు గోడకు తగిలి పేలి, మేకులూ మట్టిపెళ్లలూ వసారా నిండా ఎగిరాయి. ఆ పొగలోనే రెండోవాడు నాయన మెడ మీదికి కొడవలి ఎత్తాడు. అమ్మ వాడి ముంజేతి మీద వేసింది. ఎముక దగ్గర ఆగితే లాగి మళ్లీ వేసింది. ఇద్దరూ పరుగెత్తారు, చేయి మాత్రం మా వాకిట్లో పడి ఉంది. నాయనకు గీత కూడా పడలేదు. అమ్మకు ఎడమ చెవి మళ్లీ వినబడలేదు.

ఎనభైల్లో, రెండు వైపులా ఏడ్చే ఓపిక అయిపోయాక, పెద్దమనుషులు రాజీ చేశారు. నాయన కూర్చోవడం మానలేదు, ఊరంతా ఆయన్ను ఎంత శాంతం, ఎంత శాంతం అని మెచ్చుకునేది. వింటే నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. రాజీ అయిన కొత్తలో ఆయన అమ్మను కూడా పక్కన కూర్చోమని పిలిచాడు. "నేనూ కండ్లు మూసుకుంటే గడపకాడ ఎవురుంటారు?" అనింది. ఇంకెవరూ రారని ఎంత చెప్పినా, పోయేదాకా ఆమె నమ్మలేదు.

ఇప్పుడు ఆ చేయి పోయినవాడి మనుమరాలూ మా అన్న మనుమరాలూ ఒకే బస్సులో ఆదోని కాలేజీకి పోతారు, సీటు కూడా ఒకరికొకరు పట్టి ఉంచుకుంటారు. ఊరికి ఇంత నెమ్మది వచ్చింది, నాకు కావలసినంత తీరిక ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టు కూర్చుంటే మాత్రం ఊపిరి మీద మనసు నిలవదు, గడపలో నిలబడిన అమ్మే కనబడుతుంది. ఇంక చాలు, వచ్చి కూర్చోవే అని ఆమెను బతిమాలుకోవడంతోనే నా వేళంతా అయిపోతుంది.