పిట్టమ్మ పెట్టె వేసిన ఈల

ఆ రోజుల్లో కొత్తగా మేష్ట్రు ఉద్యోగంలో చేరినవాడికి క్లాసులో ప్రతి పిల్లవాడూ దొంగలాగే కనిపించేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో బుద్ధి కంటే అనుమానం ముందు పుడుతుంది కాబోలు. నేను మైసూరు రాష్ట్రంలోని చింతామణి ఊళ్ళో చదువు ముగించి, బాగేపల్లి దగ్గర ఒక పల్లెలో నాలుగో క్లాసుకు మేష్ట్రుగా వచ్చింది అరవైల్లో. మీసం ఇంకా సరిగ్గా మొలవలేదు. (ఆ లోటును గొంతు పెంచి పూడ్చుకునేవాణ్ణి.) పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడేవాళ్ళు, నేను రెండింట్లోనూ గద్దించేవాణ్ణి.

ముందు వరుసలో పిట్టమ్మ కూర్చునేది. బక్కగా ఉండేదని ఊరు పెట్టిన పేరది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆ పిల్లకు వినికిడి బాగా తగ్గిపోయింది. బెంగుళూరులో ఉన్న మేనమామ ఆస్పత్రిలో చూపించి వినికిడి యంత్రం ఇప్పించాడు. ఇప్పటిలా చెవి వెనక దాగిపోయే వస్తువు కాదు. అదొక చిన్న పెట్టె, శబ్దం పెంచి తగ్గించే మీట దానికే ఉండేది. వాళ్ళవ్వ రవికెగుడ్డతో సంచి కుట్టి రొమ్ము మీద వేలాడదీసేది. అందులోంచి ఒక తీగ బయలుదేరి చెవి కొలతకు చేసి లోపల బిగించిన అచ్చు దాకా పోయేది. నేను చేరిన మొదటి రోజే ఆ అవ్వ వచ్చి, "ఏమప్పా మేష్ట్రూ, ఈ పెట్టెకు తెలుగు ఒగటే వస్తాదా, కన్నడమూ వస్తాదా?" అని అడిగింది. రెండూ వస్తాయని ధైర్యంగా చెప్పాను. (దాని గురించి అవ్వకు తెలిసినంతే నాకూ తెలుసు.)

కొన్ని నెలలు బాగానే గడిచింది. ఒక సోమవారం నేను బోర్డు వైపు తిరిగి లెక్క వేస్తుంటే వెనకనుంచి సన్నగా ఈల వినిపించింది. తిరిగి చూస్తే అందరూ బుద్ధిమంతులే. మళ్ళీ బోర్డు వైపు తిరిగాను, మళ్ళీ ఈల. వెనక వరుసలో గుండు అని ఒక పిల్లవాడు ఉండేవాడు, వాడి మొహంలో ఎప్పుడూ ఒక నవ్వు నిలబడి ఉండేది. అది చాలు నాకు సాక్ష్యం. వాణ్ణి బెంచీ ఎక్కించాను. ఈల ఆగలేదు. మర్నాడు వాడి పక్కవాణ్ణి కూడా ఎక్కించాను. మూడోనాటికి వెనక వరుస మొత్తం బెంచీల మీదే ఉంది, ఈల మాత్రం నేను వీపు తిప్పిన ప్రతిసారీ పలుకుతూనే ఉంది.

గురువారం నాకు గొప్ప ఉపాయం తట్టింది. అందరినీ కుండలోని నీళ్ళు పుక్కిట పట్టుకోమన్నాను. నోట్లో నీళ్ళుంటే ఈల ఎట్లా వేస్తారు? ముప్ఫై మందీ బుగ్గలు ఉబ్బించుకున్నారు. నేను విజయగర్వంతో బోర్డు వైపు తిరిగి లెక్క చెప్పడం మొదలుపెట్టాను. ఈల మామూలు కంటే బిగ్గరగా వచ్చింది. చటుక్కున తిరిగాను. నా మొహం ఎట్లా ఉందో గానీ గుండు ఆపుకోలేక నీళ్ళు ముందువాళ్ళ మీద చిమ్మేశాడు. ఆ వెంటనే క్లాసంతా చిమ్మింది. ఆ వర్షంలో కదలకుండా కూర్చున్నది పిట్టమ్మ ఒక్కతే. బుగ్గలు ఇంకా ఉబ్బే ఉన్నాయి, చెయ్యి సంచిలో ఉంది, ఈల ఆ చెవి దగ్గరనుంచే వస్తోంది. తనకు మాత్రం అది వినిపించడం లేదు.

"నీకు ముందే తెలుసా?" అని గుండును అడిగాను.

"అందరికీ తెలుసు సార్."

"మరి నాలుగు రోజులుగా చెప్పలేదేం?"

వాడు మూతి తుడుచుకుని, "చెప్తే మీరు ఆ పెట్టె ఇంట్లో పెట్టి రమ్మంటారని" అన్నాడు. వెనక వరుసవాళ్ళను బెంచీలు దిగమని చేత్తో సైగ చేశాను.

సంగతి సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. తెల్లారగానే పిట్టమ్మ నాయన వచ్చాడు. "ఆడపిల్ల బళ్ళో ఈలలేస్తాండాదని చెప్పుకుంటాండారు. ఇంగ పంపీను అప్పా" అన్నాడు.

"ఈల పాప వేయడం లేదప్పా, పెట్టె వేస్తాండాది."

"పెట్టె ఎవురిది? మా పాపదే గదా."

పిట్టమ్మ గుమ్మం పక్కన నిలబడి మా ఇద్దరి పెదవులూ మార్చిమార్చి చూస్తోంది. "మీతోపాటు నేనూ బెంగుళూరికి వస్తాను, ఆస్పత్రిలో చూపిద్దాం. బాగుకాకపోతే అప్పుడు మాన్పించండి" అన్నాను. ఆయన పిట్టమ్మ వైపు చూసి సరేనన్నాడు.

బస్సులో పిట్టమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఆ కాలంలో కండక్టరు ఒక ఈల వేస్తే బస్సు ఆగాలి, రెండు వేస్తే కదలాలి. చిక్కబళ్ళాపురం ఇంకా రాకముందే పిట్టమ్మ వాళ్ళ నాయన భుజం మీద తల వాల్చింది, పెట్టె ఒక ఈల వేసింది. బస్సు ఆగింది. "యారు ఇళియోదు?" అని కండక్టరు కన్నడంలో అడిగాడు. దిగేవాళ్ళెవరూ లేరు. ఆయన కిందికి దిగి వెనక చక్రం వైపు చూస్తుండగా పిట్టమ్మ తల ఇటు అటు కదిపింది. రెండు ఈలలు. డ్రైవరు కండక్టరును రోడ్డు మీదే వదిలేసి బయలుదేరాడు. మేమందరం కేకలు వేసి ఆపించాం. ఆయన రొప్పుతూ ఎక్కాక నేను తలొంచుకుని సంగతి చెప్పాను. ఆయన పిట్టమ్మకు కనిపించేలా ఎదురుగా వంగి, "పదేళ్ళనుంచి ఈల ఊదతాండాను, మా డ్రైవరు నా మాట ఇంత బాగా ఎప్పుడూ వినలేదమ్మా" అన్నాడు. పిట్టమ్మ నాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఆస్పత్రిలో ఒకామె చూసి, "యంత్రానికి ఏ జబ్బూ లేదు. పాప చెవి పెరిగింది, అచ్చు వదులైంది. శబ్దం సందులోంచి బయటికొచ్చి మళ్ళీ పెట్టెలోకి పోతే ఈల వస్తుంది. పిల్లలకు అప్పుడప్పుడు అచ్చు మార్చాలి" అంది. తర్వాత నన్ను చూసి, "మీరు బోర్డు వైపు తిరిగి మాట్లాడతారా?" అని అడిగింది. మాట్లాడతానన్నాను. "పెదవులు కనపడకపోతే పాప శబ్దం పెంచుకుంటుంది. అప్పుడే ఈల." అంటే నాలుగు రోజులుగా నేను వెతికిన దొంగ నేనే.

కొత్త అచ్చు తయారయ్యేదాకా మేనమామ ఇంట్లో ఉండి, మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. చెవిలో పెట్టి ఎంత శబ్దం పెంచినా ఈల రాలేదు. "తెలిసినవాళ్ళెవరైనా ఏదైనా వినిపించండి" అందామె. పిట్టమ్మ నాయన నన్ను ముందుకు తోశాడు. అప్పట్లో పద్యం పాడడంలో చింతామణిలో నా అంతవాడు లేడని నాకొక అభిప్రాయం. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, రాగం తీసి ఒక కన్నడ పద్యం ఎత్తుకున్నాను. పిట్టమ్మ నా పాట అంత స్పష్టంగా వినడం అదే మొదటిసారి. రెండో పాదంలో కళ్ళు తెరిచి చూస్తే, ఆ పిల్ల ఎంతో మర్యాదగా సంచిలో చెయ్యి పెట్టి శబ్దం తగ్గించుకుంటోంది. ఆస్పత్రి ఆమె గోడ వైపు తిరిగింది. పిట్టమ్మ నాయన మాత్రం తృప్తిగా, "బాగా ఇనిపిస్తాండాది అప్పా. రేప్పొద్దున్నించే బడికి పంపిస్తా" అన్నాడు.

ఆ రోజు దారి పొడుగునా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉడుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, కళ్ళు మూసుకుని రాగం తీస్తున్న ఆ మీసం లేని కుర్రవాణ్ణి ఒక్కసారి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.