అదే పట్టుకొస్తది

మొయినాబాద్‌లో నాతో ఒకే గదిలో కిరాయికి ఉన్న అక్క, నాకంటే ముందే పరిశోధనలో చేరింది. కంప్యూటర్‌లో విషయసూచిక పెట్టడం నాకు ఆమే నేర్పింది. శీర్షికలన్నిటికీ గుర్తు పెట్టి, ఒక్క మీట నొక్కి, చేతులు కట్టుకుని కూర్చునేది.

"నువ్వు దేవులాడకు చెల్లె, ఏ శీర్షిక ఏడున్నా అదే పట్టుకొస్తది" అనేది.

తప్పులు చూసిపెడతానంటే, నాట్ల పాటల మీద నేను రాసిన ఫైలంతా ఆమెకిచ్చాను.

మొన్న చేవెళ్ల లైబ్రరీలో ఆమె పేరుతో వచ్చిన పుస్తకం కనిపిస్తే తెరిచాను. విషయసూచికలో అన్నీ నా అధ్యాయాలే, నా వరుసలోనే. మూడో అధ్యాయం కింద, నాకోసం రాసుకుని పొరపాటున శీర్షికగా గుర్తుపెట్టిన వాక్యం కూడా అచ్చయింది: "హిమాయత్‌నగర్ ఊళ్లో అవ్వతో ఈ పాట మళ్లీ పాడించాలి." పక్కనే పేజీ నంబరు.

నిజమే అక్కా. నువ్వు చదవనైనా చదవలేదు. అదే పట్టుకొచ్చింది.