కమిటీ కోసం ఆగని పచ్చాకు

ఐదో తరగతిలోనే నాకూ బడికీ పడక విడిపోయాం. అందుకే సర్కారు మంచి పని చేస్తానంటే నాకు అర్థం కావడానికి టైము పడుతుంది. పోయినేడు మాత్రం వెంటనే అర్థమైంది. హాస్టళ్లలో ప్లాస్టిక్ ప్లేట్లు మానేసి అడవి ఆకు విస్తర్లు కొంటామని జిల్లా ఆఫీసు చెప్పింది. మా ఊరు ఎర్రబోరు ఆడవాళ్ల సంఘానికి మొదటి ఆర్డరు వచ్చింది. సరుకు పాసైతే ఏడాది పొడుగునా ఊళ్లోనే పని.

అంటే నా భార్య మిరప కోతకు భద్రాచలం అవతలికి పోనక్కర్లేదు. కోతకు మేస్త్రి ఆడవాళ్లనే పిలుస్తాడు. కిందటిసారి తిరిగొచ్చాక చేతుల్లో కారం పోక, చంటిదాన్ని చాలా రోజులు ముట్టుకోలేదు. దూరం నుంచే ఆడించింది.

మా దగ్గర పెద్ద చుట్టం వస్తే ఎండాకు వెయ్యరు. పచ్చి అడ్డాకు కోసి, వెదురు పుల్లలతో అప్పటికప్పుడు కుట్టి వడ్డిస్తారు. సర్కారు కంటే పెద్ద చుట్టం ఎవరు? అన్నీ పచ్చాకులే కుట్టారు.

"సర్కారోళ్లను మేకలనుకున్నరా ఏంది, పచ్చాకు పెడుతున్నరు?" అన్నాను.

"నువ్వు మేసినంత వాళ్లు మెయ్యరులే. మూట లేపు," అంది నా భార్య.

ఆఫీసులో స్టోరు బాబు ఒక విస్తరి తీసి వాసన చూశాడు. "బహుత్ అచ్ఛా. కానీ నేను తీస్కునేది కాదమ్మా, జాంచ్ కమిటీ సరుకు చూసి పాస్ చెయ్యాలె. అందులో ఒక సాబ్ రాజధానికి, రాయపూర్ మీటింగుకు పోయిండు."

"ఆయనొచ్చేదాకా ఆకుక్కూడా సెలవిప్పించండి సాబ్," అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వుతూనే మూటలు గోడౌన్లో పెట్టించి తాళం వేశాడు.

పది రోజులకు కమిటీ వచ్చి, మమ్మల్ని పిలిచి మూట విప్పేసరికి ఆకు మీద తెల్లటి బూజు. వాళ్లు తిట్టలేదు. పిల్లలు అన్నం తినే ఆకు, ఎలా పాస్ చేస్తామన్నారు. నిజమే, నేను కమిటీలో ఉన్నా పాస్ చెయ్యను. ఎవరి మీద జోకు వెయ్యాలో తెలియలేదు.

"ఎండాకు కుట్టుంటే బూజు పట్టకపోవు గదా," అంది నా భార్య తిరుగు దారిలో. "చుట్టాలనుకున్నం."

మిరప కోతకు జీపు వచ్చిన పొద్దున, చంటిదాని ముఖాన్ని రెండు చేతులతో బాగా తడిమి, మా అమ్మకిచ్చింది. జీపెక్కి నా వైపు చూసింది.

"ఏంది, ఎప్పటిలెక్క ఏదన్న అను."

ఆమె బట్టల మూట అందించాను.