లాజరన్న కుడికాలు

ఇందుకూరుపేట సెంటర్లో నాది మందుల షాపు. ఎవరికి ఏ జబ్బుందో వాళ్లింట్లో వాళ్లకంటే ముందు నాకే తెలుస్తుంది. తెలిసినదాన్ని కడుపులో పెట్టుకోవడమే ఈ పనిలో కష్టం. నాకు అసలే కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అలాంటివాణ్ణి, లాజరన్న కుడికాలి సంగతి నాలుగు నెలలు ఎవరికీ చెప్పకుండా దాచాను.

లాజరన్న రొయ్యల చెరువుల పెంచలకృష్ణ గారి డ్రైవరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లకు పైగా స్టీరింగే ఆయన బతుకు. మొదట మైపాడు నుంచి చేపల వ్యాను తోలాడు, తర్వాత హేచరీల నుంచి చెరువులకు రొయ్య పిల్లను చేరవేసే బండి తోలాడు. కుదుపుకి సంచుల్లో పిల్ల చచ్చిపోతుందని, నీళ్లు తొణక్కుండా తోలడం అక్కడే నేర్చుకున్నాడు. ఆయన పక్కన కూర్చుంటే బండి ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. చెప్పులు విప్పి సీటు కింద పెట్టి వట్టి కాలితోనే తోలతాడు. పెడలు అరికాలికి తగిలితేనే తనకు బండి మనసు తెలుస్తుందంటాడు.

మూడేళ్ల కిందట పెంచలకృష్ణ గారు చెన్నై నుంచి ఒక పసుప్పచ్చ స్పోర్ట్స్ కారు, పాతదే, ముచ్చటపడి తెచ్చుకున్నాడు. రెండే సీట్లు. మొగుడు బండి ఎలా తోలతాడో ఆయన భార్య ఉషారాణి గారికి బాగా తెలుసు. "కొనుక్కుంటే కొనుక్కో. స్టీరింగు ముందర మాత్రం లాజరన్నే కూచోవాల" అని తేల్చేసింది. ఒక సీటు లాజరన్నకి, ఒక సీటు ఆయనకి పోగా, ఆజ్ఞ వేసినావిడకే చోటు లేకుండా పోయింది. ఈ ముచ్చట చెప్పుకుని సెంటర్లో నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు లాజరన్న షుగరు మాత్రలకొచ్చి, షాపులో అందరూ వెళ్లేదాకా పక్కన నిలబడ్డాడు.

"ప్రసాదూ, కుడికాలి ఏళ్లు తిమ్మిరెక్కతా ఉండాయి. దూది మింద అడుగేసినట్టుండాది. దీనికేమన్నా మాత్ర ఇయ్యి."

"మాత్ర కాదన్నా, డాక్టరు దగ్గరికి పో" అన్నాను.

"పోతే బండి తోలొద్దంటాడు. నాకింకేం పనొచ్చు?" అని, ఈ విషయం తన భార్య ఎలిశబెతుకి కూడా చెప్పనని నా చేత మాట తీసుకుని వెళ్లాడు.

ఆ తర్వాత నెలకి పసుప్పచ్చ కారు తడబడడం మొదలుపెట్టింది. యాక్సిలేటర్ నొక్కితే వెంటనే అందుకోకుండా ఒక క్షణం ఆలోచించి కదిలేది. పాత బండ్లలో అయితే పెడలుకీ ఇంజనుకీ మధ్య తీగ ఉండేది, కాలు నొక్కితే తీగ లాగేది. ఈ కారులో ఆ తీగ లేదు. కాలు ఎంత నొక్కిందో పెడలు దగ్గరి సెన్సరు కంప్యూటరుకి చెబుతుంది, కంప్యూటరు ఇంజనుకి గాలి వదులుతుంది. మధ్యలో ఎవరు ఆలస్యం చేశారో కాలికి తెలిసే దారి లేదు.

ఒక మధ్యాహ్నం కొడవలూరు దగ్గర హైవే దాటుతుండగా కారు అలాగే ఆలోచించింది. లారీ హారను కొడుతూ మీదికి వచ్చేసింది. చివరి క్షణంలో కారు అందుకుని అవతలికి దూకింది. లారీ మా వాళ్ల కారు వెనక బంపరుకి జానెడు దూరంలో దూసుకుపోయింది. పక్క సీట్లో ఉన్న పెంచలకృష్ణ గారు ఇంటికి రాగానే కారుని షెడ్డులో చూపిద్దామన్నాడట.

నెల్లూరులో ఒక షెడ్డువాళ్లు కారుని రెండు రోజులు ఉంచుకుని, గాలి దారి శుభ్రం చేసి, అటూ ఇటూ తిప్పి చూశారు. "బండిలో ఏం లేదు సార్. డ్రైవరు వయసెంత?" అని అడిగారట. పెంచలకృష్ణ గారు ఆ మాటను లాజరన్న ముందే చెప్పేశాడు. అనుమానం తీరక, భార్యకి తెలియకుండా తనొక్కడే మైపాడు దాకా తోలుకుపోయి వచ్చాడు. కారు ఎక్కడా తడబడలేదు.

"నేను ఒంటరిగా తోలినా బాగానే ఉంటాది ప్రసాదూ. సారు పక్కన కూచుంటేనే నా కాలు మొండికేస్తా ఉండాది. భయమో, జబ్బో తెలవడంలే" అన్నాడు లాజరన్న ఆ సాయంత్రం షాపులో.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కొంత, ఇన్నాళ్లూ నోరు మూసుకున్న నా మీద ఎక్కువ.

"ఆ లారీ జానెడు ఇవతలికొచ్చుంటే ఇద్దరూ ఏమైపోయేవాళ్లు? ఆదివారంలోపు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అరిచాను.

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. మర్నాడే పెంచలకృష్ణ గారి దగ్గరికి పోయి తాళం బల్ల మీద పెట్టి, ఇంకొకర్ని చూసుకోమన్నాడు. కారణం మాత్రం చెప్పలేకపోయాడు. "ఇంకొక్క చోట చూపిచ్చి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు పెంచలకృష్ణ గారు.

ఆ ఇంకొక్క చోటు నెల్లూరు పొలిమేరలో సుశీల్ కుమార్ అనే కార్ల ఎలక్ట్రీషియన్ షెడ్డు. ఆ రోజు లాజరన్న స్టీరింగు ముట్టుకోనన్నాడు. కారుని పెంచలకృష్ణ గారే ఒంటరిగా తోలుకొచ్చాడు. లాజరన్న నా బైకు వెనక కూర్చున్నాడు. దారి పొడుగునా ముందు పోతున్న కారు వంకే చూస్తున్నాడు.

"చూడు ప్రసాదూ, ఎంత నున్నగా పోతా ఉండాదో" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

సుశీల్ కుమార్ తొందరపడే మనిషి కాదు. ల్యాప్‌టాప్ తగిలించి, ఎప్పుడెప్పుడు తడబడిందో అంతా అడిగాడు. తర్వాత, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని తిరిగి రమ్మన్నాడు. లాజరన్న వద్దంటే వినలేదు. "హైవే ఎక్కబాకండి, ఎనక వీధుల్లోనే నిదానంగా రెండు చుట్లు తిరిగి రాండి" అని, ల్యాప్‌టాప్‌ని పెంచలకృష్ణ గారి ఒళ్లో పెట్టి పంపించాడు. తిరిగొచ్చేసరికి లాజరన్న చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. కారు రెండుసార్లు తడబడిందట.

సుశీల్ తెర మీద రెండు గీతలు చూపించాడు. ఒకటి తిన్నగా పోయింది. రెండోది రెండుచోట్ల తటాలున కింద పడి లేచింది.

"పెడలు కింద సెన్సర్లు రెండుంటాయన్నా. కాలు ఎంత నొక్కిందో రెండూ ఏరేరుగా చెప్తాయి. రెండు మాటలూ ఒకటైతేనే కంప్యూటరు నమ్ముతాది. తేడా వస్తే ఎనకాడతాది. కాలే ఒణికుంటే రెండు గీతలూ కలిసి పడాల. ఇక్కడ ఒకటే పడింది. నీ కాలు ఈ మొదటి గీత మాదిరి తిన్నగా ఉండాది చూడు" అన్నాడు.

లాజరన్న నమ్మబుద్ధి కాక ఆ గీతల్ని వేలితో తడిమి చూశాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"మరి నేను ఒక్కణ్ణే తోలితే ఎందుకు పడలా?" అన్నాడు పెంచలకృష్ణ గారు.

సుశీల్ ఇద్దర్నీ మళ్లీ కారులో కూర్చోబెట్టి, బండి కదలకుండానే లాజరన్నని పెడలు కొంచెం నొక్కి పట్టుకోమన్నాడు. గీతలు రెండూ తిన్నగా పోతున్నాయి.

"సార్, ఇప్పుడు లారీ మీదికొస్తా ఉంది అనుకోండి!" అన్నాడు ఉన్నట్టుండి.

పెంచలకృష్ణ గారి కుడికాలు తనకు తెలియకుండానే కిందికి ధన్‌మని తన్నింది. తెర మీద ఒక గీత పడిపోయింది. ఇంకోసారి తన్నమన్నాడు. మళ్లీ పడింది. అందరం ఆయన కాలి వంక చూశాం. పక్క సీట్లో లేని బ్రేకుని మూడేళ్లుగా తొక్కుతున్న ఆ కాలిని ఆయన కూడా వింతగా చూసుకున్నాడు.

సుశీల్ ఆయన కాళ్ల కింద పరిచిన పట్టా ఎత్తాడు. సరిగ్గా మడమ పడేచోట, పెడలు సెన్సర్ల నుంచి కంప్యూటరుకి పోయే వైర్లు కలిసే ప్లగ్గు ఉంది. దాని మూత చితికిపోయి, లోపలంతా పచ్చగా కిలుం పట్టి ఉంది. చుట్టూ తెల్లగా ఉప్పు.

"ఇక్కడికి ఉప్పునీళ్లు ఎట్టా వచ్చినాయి సార్?"

పెంచలకృష్ణ గారు గొంతు సవరించుకున్నాడు. "చెరువు నీళ్లు ల్యాబుకి ఇచ్చేదానికి క్యాను కాళ్ల కాడ పెట్టుకుంటా. ఒకసారి ఒలికింది. ఉషాకి చెప్పబాకండి."

నేను ఆపుకోలేక పకపకా నవ్వేశాను. స్టీరింగు మీద తల ఆనించి లాజరన్న మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు. నాలుగు నెలల భయం అంతా ఆ చొక్కా చేతుల్లోకి కారిపోయింది. పెంచలకృష్ణ గారు ఏం చెయ్యాలో తోచక ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాడు.

సుశీల్ ప్లగ్గు మార్చి, నీళ్లు పోకుండా మూసి, మడమ తగలని చోటికి జరిపి కట్టాడు. ఈసారి వాళ్లు తిరిగొచ్చినప్పుడు గీతలు రెండూ ఒక్కచోట కూడా విడిపోలేదు. ఇక ఏమీ చెప్పకపోయినా లాజరన్న పని ఆయనకే ఉండేది. ఆయన మాత్రం దిగీ దిగగానే చెప్పేశాడు.

"సార్, నా కాలికి తిమ్మిరి ఉండాది. అది నిజం. నాలుగు నెలలుగా దాచినా."

పెంచలకృష్ణ గారి మొహం ఎర్రబడింది. "ముందే చెప్పాల్సింది లాజరన్నా. అది తప్పే" అన్నాడు. మళ్లీ తనే, "నేను కాలితో తన్నిన సంగతి మాత్రం నాకే తెలవదు. పా, డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు.

డాక్టరు లాజరన్నని కళ్లు మూసుకోమని, గాలం దారంలాంటి సన్నటి నైలాను దారంతో అరికాలినీ వేళ్లనీ పదిచోట్ల తాకాడు. తగిలినప్పుడల్లా "ఆ" అనమన్నాడు. ఎనిమిదిసార్లు "ఆ" వినపడింది. బొటనవేలి కొనా, దాని పక్క వేలి కొనా మొద్దుబారాయనీ, మిగతా కాలు బాగుందనీ తేల్చాడు. షుగరు అదుపులో పెట్టుకోవాలి, వట్టి కాళ్లతో తిరగకూడదు, బూట్లు వేసుకోవాలి, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. బండి తోలుకోవచ్చు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుని లాజరన్న ఇంటికి ఫోను చేశాడు. మొదట్నుంచీ అంతా చెప్పాడు. అవతల ఎలిశబెతు అక్క మాట నాక్కూడా వినపడింది.

"నీ కాలి సంగతి నాకు ఎప్పుడో తెలుసు. రోజూ తెల్లారి నువ్వు లేవకముందే నీ కాలు గిల్లి చూస్తా ఉండా. గిల్లినప్పుడల్లా ఎనక్కి లాక్కుంటా ఉండావు గదా, అందుకే ఊరుకున్నా."

లాజరన్న ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక, కాలు ముందుకు చాపి దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.