నర్సు గాజుల చప్పుడు

బందరులో మా ఇమిటేషన్ నగల కొట్టుకు ఎదురింట్లో లెక్కల మాస్టారొకరు ఉంటారు. రిటైరయ్యాక చూపు బాగా తగ్గింది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వెళ్ళి, ఆయనకు పాత డిటెక్టివ్ నవలలు చదివి వినిపిస్తుంటాను. చివరి అధ్యాయం ముందు ఆగి, హంతకుడెవరో ఇద్దరం చెప్పాలి. ఓడినవాళ్ళు హల్వా తేవాలి. ఎప్పుడూ తెచ్చేది నేనే. పొద్దస్తమానం బేరాల్లో నెగ్గేదాన్ని, మాస్టారి అరుగు మీద మాత్రం ఓడిపోయేదాన్ని.

ఆ నవలల విషయంలో మాస్టారికి కొన్ని నిబంధనలున్నాయి. హంతకుడు కథ మొదట్లోనే కనబడాలి. చివర్లో కవల తమ్ముణ్ణి దింపకూడదు. డిటెక్టివ్‌కు తెలిసిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ తెలియాలి.

"చూపిస్తే చాలా మాస్టారూ, చూసేలా చెయ్యాలా?" అని ఒకసారి అడిగాను. "కొక్కెం వదులైన గొలుసుని మేమూ చూపిస్తామండీ. కాకపోతే లాకెట్ పైకి పెట్టి చూపిస్తాం."

"గడుసుదానివే. అది న్యాయమేనమ్మా, చూసుకోకపోవడం కొన్నవాడి ఖర్మ. అసలు చూపించకుండానే చూపించానన్నావనుకో, అది మోసం."

ఆయనకిది కాలక్షేపం కాదు. వాళ్ళన్నయ్య చివరి రోజుల్లో కన్నకొడుకును కూడా గుర్తుపట్టలేదు. "హంతకుణ్ణి పట్టుకున్నంతకాలం నా బుర్ర నా దగ్గరే ఉన్నట్టు" అనేవారు.

ఈమధ్య గుడివాడలో, పాత పుస్తకాల బండి మీద ఒక నవల గీచిగీచి బేరమాడి తెచ్చాను. బేరం మీదున్న ధ్యాస పుస్తకం మీద లేదు. చివరి పేజీలు ఊడిపోయాయని, చదువుతూ అక్కడికొచ్చాక గానీ చూడలేదు. మాస్టారు అప్పటికే తేల్చేశారు. "డ్రైవరే. వానలో వచ్చానన్నాడు, గొడుగేమో పొడిగా ఉంది." నేను నర్సన్నాను, ఊరికే.

పేజీలు లేవండీ అంటే సరిపోయేది. కానీ మా నాన్న కొట్లో 'లేదు' అనే మాట అనకూడదు. సరుకు అయిపోతే నిండుకుందనాలి, లేకపోతే అలాంటిదే మరొకటి తీసి ముందు పెట్టాలి. నా నోరు ఆ అలవాటుకే పోయింది. దానికి తోడు ఒక్కసారైనా గెలవాలన్న కక్కుర్తి. వెనక అట్ట వైపు చూస్తూ, చదువుతున్నట్టే ముగింపు అల్లి, నర్సును పట్టించేశాను.

"నర్సా? ఆధారమేదీ?"

"ఉందండీ. మీరే గమనించలేదు."

హల్వా వచ్చింది. తిన్నాను కూడా.

ఆ తర్వాత ఆయన పుస్తకం తెమ్మనలేదు. మాత్ర వేసుకున్నానా అని కోడల్ని పదేపదే అడుగుతున్నారట. బీరువా తాళాలు ఆమెకిచ్చేశారట. "మావయ్యగారికి ఏమవుతోందో అక్కా" అని ఆమె మా కొట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, నేను సర్దిన గాజుల పెట్టెలే మళ్ళీ సర్దాను.

అప్పటికీ నిజం చెప్పాలనిపించలేదు, అతుకు వెయ్యాలనిపించింది. "మళ్ళీ మొదట్నుంచి చదువుతాను, ఆధారం మీరే పట్టుకుందురుగాని" అని కూర్చోబెట్టాను. డాక్టరు మెట్లెక్కే చోట ఒక వాక్యం చొప్పించాను: 'పక్కగదిలో నర్సు గాజుల చప్పుడైంది.'

"ఆగు. ఈ వాక్యం మొన్న లేదు." అంతలోనే ఆయన చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. "ఉందేమోనమ్మా. నాకే..."

ఉందండీ అంటే నేను గట్టెక్కుతాను. ఆయన మునిగిపోతారు.

"లేదండీ," అన్నాను. "ఆ వాక్యం లేదు. చివరి పేజీలూ లేవు. నర్సు నేను కట్టబెట్టిన సరుకు."

మాస్టారు లోపలికి కేకేశారు. "అమ్మా, బీరువా తాళాలు ఇలా తే."

నావైపు తిరిగారు. "అయితే డ్రైవరేనా?"

"తెలీదండీ."

"డ్రైవరే. హల్వా ఏదీ?"

"తినేశానండీ."

ఆయన నవ్వలేదు.

ఇప్పుడూ చదువుతున్నాను. కానీ కొత్త పుస్తకం తీసుకెళ్తే, మాస్టారు ముందు దాన్ని తన చేతిలోకి తీసుకుని చివరి కాగితాలను వేళ్ళతో తడిమి చూసి, అప్పుడు నాకిస్తారు. కొట్లో గాజుల్ని గోటితో గీకి చూసేవాళ్ళ మీద గయ్యిమంటాను. అక్కడ మాత్రం ఆయన తడమడం అయ్యేదాకా తలొంచుకుని నిలబడతాను.