మేకు మీద బిళ్ళ

బంగారు గనులు మూతపడిన ఆ రోజుల్లో మా కేజీఎఫ్‌లో అందరికీ ఒకటే పని ఉండేది, ఏదో ఒక ఆఫీసు ముందు నిలబడటం. నేను మాత్రం అదృష్టవంతురాలిని, కిటికీకి లోపలి వైపు కూర్చున్నాను. డిగ్రీ కాగానే పింఛన్ల ఆఫీసులో టైపు కొట్టే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. (ఉద్యోగమే తాత్కాలికం, ఎప్పుడు తీసేస్తారోనన్న భయం మాత్రం పర్మనెంటు.) బయటివాళ్ళు "నా కాగితం ఏమాయమ్మా?" అని అడిగేవారు, నేను "రేపు రండి" అనేదాన్ని. సాయంత్రానికి ఆ రెండు మాటలకే నోరు నొప్పి పుట్టేది.

ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నది మా వీధి బన్నుల అవ్వ. ఆమె భర్త గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో, గని మూసిన మరుసటి ఏడే పోయాడు. ఇంటింటికీ తిరిగి బన్నులు అమ్ముకునేది, మోకాళ్ళు పట్టేసి ఆ తిరుగుడూ ఆగిపోయింది. ఇక వితంతు పింఛను వస్తే గానీ పొయ్యి వెలగదు. ఆరుసార్లు తిప్పి పంపాం. ఏడోసారి వచ్చినప్పుడు నాకు సిగ్గేసింది, ఆ సిగ్గులో ఒక గొప్ప ఆలోచన పుట్టింది.

గనిలోకి దిగేముందు మా నాన్న తన నంబరు బిళ్ళను పైన బోర్డు మేకుకు తగిలించి వెళ్ళేవాడు, పైకొచ్చాక తీసుకునేవాడు. ఎవరు లోపల ఉన్నారో ఎవరినీ అడక్కుండానే తెలిసిపోయేది. ఇంతకంటే సులువేముంది? సబ్బుల అట్టపెట్టె కోసి బిళ్ళలు చేశాను, వరండా గోడకు పలక బిగించి మేకులు కొట్టాను. అర్జీ ఇచ్చినవాళ్ళు బిళ్ళ తగిలించాలి, మంజూరు కాగితం చేతికొచ్చాక తీసుకెళ్ళాలి. ఒక్కరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ పూట రెండు టీలు తాగాను.

సాయంత్రం కిటికీ మూయబోతే మెట్ల మీద జనం కదలరు.

"పొద్దుపోయింది, ఇంటికి పో అవ్వా," అన్నాను.

బన్నుల అవ్వ నేనేదో అనరాని మాట అన్నట్టు చూసింది. "బిళ్ళ యింగా మేకుకే ఉండాది కదమ్మా! బిళ్ళ అట్ల పెట్టుకోని ఎవురన్నా ఇంటికి పోతారా? మా ఆయన బిళ్ళ మిగిలిపోయిన పొద్దు, ఆయన పైకొచ్చేదంకా నేను రెండు దినాలు గని ముందరే కూకోనుంటిని."

అయ్యో, గని కూలీ కూతుర్ని అయ్యుండి నాకా సంగతి తోచలేదే! షిఫ్టు అయ్యాక బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపల చిక్కుకున్నట్టే, ఇంటివాళ్ళు అక్కణ్ణుంచి లేచేవారు కాదు. అప్పటికే వీధుల్లో కబురు పాకింది. కోడళ్ళు కాఫీ ఫ్లాస్కులతో వచ్చారు, ఒకాయన బైబిలు పట్టుకొచ్చాడు, పరుగున వచ్చిన ఇంకో పెద్దాయన "ఎంతమంది చిక్కినారమ్మా లోపల?" అని నన్నే అడిగాడు. (నవ్వాలో ఏడవాలో తెలియలేదు.)

మా ఆఫీసరు సారు కన్నడాయన. కిటికీలోంచి తొంగిచూసి పాలిపోయాడు. "ఏనమ్మా ఇది, ధర్నానా?"

"కాదు సార్, ఎదురుచూస్తున్నారు."

ఎవరూ అరవలేదు, తిట్టలేదు. అదే ఆయన్ని భయపెట్టింది. మళ్ళీ కుర్చీలో కూర్చుని అవ్వ ఫైలు తెమ్మన్నాడు. అది ఆయన భోజనం క్యారియరు కిందే ఉంది, సాంబారు మరకతో. కావలసిందల్లా ఒక్క సంతకం! అవ్వ కాగితం అందుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, మేకు మీది బిళ్ళ తీసింది. మనిషే పైకొచ్చినట్టు జనమంతా "వచ్చేసింది, వచ్చేసింది" అని చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. చీకటి పడేలోగా సారు ఇంకో నాలుగు ఫైళ్ళు చూశాడు.

మర్నాడు పలక లేదు. ప్రభుత్వ గోడకు మేకులు కొట్టినందుకు నాకు మెమో ఇచ్చారు. మిగిలినవాళ్ళకు మళ్ళీ "రేపు రండి" అన్నాను.

ఇన్నేళ్ళు గడిచాక ఇప్పుడు అన్నీ సులువైపోయాయి. మా ఆయన పోయాక నా పింఛను అర్జీ మా అమ్మాయి ఫోన్లోనే పెట్టింది. మెట్లెక్కే పని లేదు, "రేపు రండి" అనే పిల్లా లేదు. నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే చూస్తాను, "పరిశీలనలో ఉంది" అనే ఉంటుంది. చూసి చూసి అలిసిపోయాను. మొన్న సబ్బు అట్ట ముక్క కోసి, దాని మీద నంబరు వేసి, వంటింటి మేకుకు తగిలించాను.

"ఏందమ్మా ఇది?" అంది అమ్మాయి.

"నేనింగా లోపలే ఉండానని," అన్నాను నవ్వుతూ.

దానికేమీ అర్థం కాలేదు. అయినా కాఫీ కలిపి తెచ్చి, పనికి పోకుండా కాసేపు నా పక్కనే కూర్చుంది.