ఎదురుగా నిలబడి చూసిన కటా

పొద్దున ఆరున్నరకు ముందుగదిలో బల్లను గోడకు జరిపి, శౌరి కరాటే కటా మొదలుపెట్టేవాడు. ఎదుట ఎవరూ లేకపోయినా ఉన్నట్టే అడ్డుకోవడం, గుద్దడం, గిర్రున తిరగడం. ఏ రోజైనా అదే వరుస. భార్య పుష్పవతి టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఇరవై ఏళ్లు అలా గడిచాయి. ఫిబ్రవరిలో ఆయన పోయాక ఆ బల్ల కదల్లేదు. అడుగుల చప్పుడు లేని ఇల్లు భరించలేక, ఆ వేళకు ఆమె రేడియో పెడుతోంది. వాళ్లుండే ఐర్లండ్ ఊరు లెటర్‌కెన్నీ చుట్టుపక్కల గొర్రెల ధరలు ఎవరో చెబుతుంటే వింటోంది.

డబ్లిన్‌లో నాటకం చదివే కూతురు డెబోరా ఇంటికొచ్చింది. తెలిసిన మనిషి ఒకరి కదలికలు పొల్లుపోకుండా నేర్చుకుని, వచ్చే వారం క్లాసులో చేసి చూపాలట.

"ఐ వాంట్ డాడ్స్ కటా, మామ్. నాట్ యూట్యూబ్స్."

"నాకెట్టా వచ్చిద్దే? నేను చూశానంతే."

శౌరి వీడియో తీయనిచ్చేవాడు కాదు. కటా ఒంట్లో ఉండాల, ఫోన్లో కాదు అనేవాడు. ఆ ఒళ్లు ఇప్పుడు లేదు. పుష్పవతి మరిచిపోతే ఇంక ఎక్కడా లేదు.

బల్ల జరిపారు. తల్లి చెబుతుంటే పిల్ల అడుగులు వేసింది.

"ఇక్కడ కాస్త ఆగు. మోకాలు నొప్పి ఆయనకి. ఎవరికీ తెలీకుండా గాలి పీల్చుకునేవాడు."

నాలుగో మలుపులో డెబోరా వెళ్లి టీవీకి గుద్దుకుంది.

"అదేందే! మీ నాన్న ఏనాడూ దానికి తగల్లా!"

డెబోరా ఒక్క క్షణం ఆలోచించి ఫక్కున నవ్వింది. "మామ్! యూ వర్ ఫేసింగ్ హిమ్!"

నిజమే. ఆయన కుడిచెయ్యి ఆమెకు ఎడమవైపు కనపడేది. ఇరవై ఏళ్లు చూసి, కటా మొత్తం తిరగేసి నేర్చుకుంది.

"రాదని ముందే చెప్పాగా," అంటూ పుష్పవతి సోఫాలో కూలబడింది.

డెబోరా తల్లి చెయ్యి పట్టి లేపి, తండ్రి నిలబడే చోట నిలబెట్టింది. పుష్పవతి ఎన్నడూ అక్కడ నిలబడలేదు. తల ఎత్తింది. ఎదురుగా వంటింటి గుమ్మం ఉంది. చూపు ఎదుటి మనిషి మీంచి తప్పకూడదని శౌరి చెప్పేవాడు.

"అంటే రోజూ నన్నేనా గుద్దింది, దొంగ మనిషి," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఈసారి కుడి ఎడమలు మార్చుకుని తనే ముందు అడుగు వేసింది. కూతురు వెనక నిలబడి, ఆమె ఎలా వేస్తే అలా వేసింది. సగంలో ఉండగా కిటికీ మీద చినుకులు టపటపా పడ్డాయి. పెరట్లో తీగ మీద ఉతికిన దుప్పట్లున్నాయి.

"మామ్, ఇట్స్ లాషింగ్! ద వాషింగ్!"

"తడవనీ," అంది పుష్పవతి తిరిగి చూడకుండా. "అడుగు తియ్యి."